గురు సినిమా మళ్ళీ చూశాను, ఆ ఆఖరి అరగంట మీకు మింగుడు పడిందా?

బీచ్‌రోడ్_వాకర్

నిన్న రోజంతా ముసురు, బయటికెళ్ళే పని లేక మణిరత్నం గురు పెట్టుకుని కూర్చున్నాను. 2007 సంక్రాంతికి వచ్చిన సినిమా, తెలుగులో గురుకాంత్ అని డబ్ అయింది. అప్పుడు నేను ఇంజనీరింగ్ కుర్రాణ్ణి, వైజాగ్ జగదాంబ సెంటర్లో హిందీలోనే చూసి నలుగురం ఆర్కే బీచ్ దాకా నడుచుకుంటూ వెళ్ళి రాత్రి పదకొండింటికి ఇసకలో కూర్చుని ఉద్యోగాలు మనకొద్దురా బిజినెస్సే చేద్దాం అని ఒట్లు పెట్టుకున్నాం. ఆ నలుగురిలో నేనొక్కణ్ణే చేశాను. ఆటోనగర్‌లో చిన్న యూనిట్, తొమ్మిది మందికి నెల నెలా జీతం ఇస్తున్నాను.

ఇన్నేళ్ళకి చూస్తే మొదటి సగం ఇంకా నచ్చింది, నిజంగా. టర్కీలో గురుకి బర్మా షెల్ ఆయిల్ కంపెనీలో ఉద్యోగం, దొరగారు ప్రమోషన్ ఇస్తానంటే వద్దని వచ్చేయడం, ఇంకొకడి కోసం కాదు నా కోసం పని చేసుకుంటాను అనడం, ఆ ముక్క దగ్గర ఇప్పటికీ ఒళ్ళు జలదరించింది. కానీ గురు కంపెనీ మీద ప్రభుత్వం వేసిన విచారణ దగ్గరికొచ్చేసరికి ఏదో అడ్డుపడింది. గురు తప్పులు చేశాడని సినిమాయే రెండు గంటలు చూపించి, చివర్లో ఒక స్పీచ్‌తో అన్నీ తుడిచేసినట్టు అనిపించింది. నేను జీఎస్టీ ఒక్క రోజు లేటయితే ఫైను కడతాను, ఆయనకి చప్పట్లు కొడతారు. నాకొక్కడికేనా ఇలా అనిపించింది? మీకేమనిపించిందో రాయండి, తిట్టినా పర్లేదు.

గాజువాక_70ఎంఎం

అన్నా ముందు సినిమాని సినిమాగా చూద్దాం. రాజీవ్ మీనన్ కెమెరా, శ్రీకర్ ప్రసాద్ ఎడిటింగ్, సమీర్ చందా ఆర్ట్, రెహమాన్ సంగీతం, ఇలాంటి టీమ్ ఒకచోట కుదరడమే గొప్ప. పాత బొంబాయి బట్టల మార్కెట్ చూడండి, ఆ బేరాలు ఆ అరుపులు ఆ ఇరుకు, సెట్ అన్న అనుమానమే రాదు. ఏళ్ళు గడిచాయని చెప్పడానికి జుట్టుకి తెల్లరంగు కొట్టి ఊరుకోలేదు, గురుగా అభిషేక్ బచ్చన్ ఒళ్ళు పెంచాడు, నడక మార్చాడు, మాట బరువెక్కించాడు. అతని కెరీర్‌లో దీన్ని మించింది లేదని నా నమ్మకం. మిథున్ చక్రవర్తి అయితే సరే సరి, పేపరు నడిపే మాణిక్ దాస్‌గుప్తాగా ఆయన కుర్చీలో కూర్చుని చూస్తే చాలు సీను నిండిపోద్ది. కొడుకులా చూసుకున్న వాడి మీదే తన పేపర్లో రాయించాలి, ఆ బాధ ఒక్కసారి కూడా గొంతు పెంచకుండా చేశాడు.

మైనస్ అంటే నాకు పాటల ప్లేసింగ్. బర్సో రే వినడానికి అమృతం, శ్రేయా ఘోషాల్‌కి దానికి ఫిల్మ్‌ఫేర్ కూడా వచ్చింది, కానీ హీరోయిన్ పరిస్థితికీ ఆ వాన పాటకీ పొత్తు కుదర్లేదు. మయ్యా మయ్యా అయితే కథని ఆపి మరీ పెట్టారు.

స్పీచ్ గురించి మాత్రం ఒప్పుకోను. ఐదు నిమిషాలు టైమిస్తే నాలుగున్నరలో ముగించి మిగిలిన 30 సెకన్లు నాకు లాభం అంటాడే, క్యారెక్టర్ మొత్తం ఆ ఒక్క ముక్కలో ఉంది.

కంచరపాలెం_కుర్రోడు

అన్నాయ్ నాకొక డౌటు, నేను 2003లో పుట్టినోణ్ణి. ఈ సినిమా ఈమధ్యే చూసాను, బాగుంది గానీ అసలు గురు చేసిన నేరం ఏటో సరిగా అర్థం కాలేదు. పర్మిషన్ ఇచ్చినదానికన్నా ఎక్కువ సరుకు తయారు చేసాడంటారు. ఎక్కువ తయారు చేస్తే నేరం ఏటి? ఎక్కువ పని చేస్తే మెచ్చుకోవాలి కదా?

లాసన్స్‌బే_లెక్కలు

తమ్ముడూ మంచి ప్రశ్న అడిగావు, సినిమా ఇది సరిగ్గా చెప్పలేదు, నా దృష్టిలో దాని మొదటి లోపం ఇదే. నేను ఆడిటర్‌ని, తెలిసినంత చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

1951లో పరిశ్రమల చట్టం ఒకటి వచ్చింది. దాని ప్రకారం ఫ్యాక్టరీ పెట్టాలంటే లైసెన్స్, పెంచాలంటే లైసెన్స్, కొత్త రకం సరుకు చేయాలంటే మళ్ళీ లైసెన్స్. లైసెన్సు మీద ఏడాదికి ఇన్ని టన్నులు అని రాసుంటుంది, అంతకు మించితే తప్పే. 1969లో గుత్తాధిపత్య నిరోధక చట్టం కూడా తోడైంది, పెద్ద కంపెనీ ఇంకా పెద్దదవ్వాలంటే ఢిల్లీలో మళ్ళీ విడిగా అనుమతి. దేశంలో డాలర్లు తక్కువ కాబట్టి బయట్నుంచి మెషీన్ తెచ్చినా నూలు తెచ్చినా దానికీ పర్మిట్. 1991 జూలైలో పీవీ ప్రభుత్వం చాలా పరిశ్రమలకి లైసెన్సింగ్ ఎత్తేసింది, అందుకే నీ వయసు వాళ్ళకి ఇది వింతగా ఉంటుంది.

ఇప్పుడు సినిమాలో గురు మీద ఆరోపణలు చూడు. ఎక్కువ ఉత్పత్తి అనేది ఒకటి. దాన్ని నేనూ క్షమిస్తాను, చట్టమే తలకిందులుగా ఉంది. కానీ అదొక్కటే కాదు కదా. స్పేర్ పార్టులని చెప్పి మెషీన్లు తెప్పించడం, కస్టమ్స్ డ్యూటీ ఎగ్గొట్టడం, చేయని ఎగుమతులు చేసినట్టు చూపించడం. ఎగుమతి దొంగ లెక్క ఎలా పనిచేస్తుందో ఉదాహరణ చెప్తాను. ఆ రోజుల్లో నువ్వు బట్ట ఎగుమతి చేస్తే దానికి బదులుగా విదేశీ నూలు దిగుమతి చేసుకునే పర్మిట్ ఇస్తారు. ఆ నూలుకి ఇక్కడ మార్కెట్లో విపరీతమైన రేటు. నువ్వు లక్ష రూపాయల బట్ట పంపి పది లక్షలని బిల్లు రాసుకున్నావనుకో, పది లక్షలకి సరిపడా పర్మిట్ నీ చేతికొస్తుంది. బట్ట మీద నష్టమొచ్చినా నూలు మీద దానికి పదింతలు లాగొచ్చు. నిజాయితీగా బిల్లు రాసిన పక్క షాపువాడు నీతో పోటీ పడలేక మూసుకుంటాడు.

సినిమా ఈ రెండు రకాల తప్పుల్నీ ఒకే మూటలో కట్టేసింది. పిచ్చి చట్టాన్ని దాటడం వేరు, దొంగ బిల్లు రాయడం వేరు. విచారణలో గురు మొదటిదాని గురించి గొప్పగా మాట్లాడి రెండోదాని మీంచి దాటేస్తాడు, మనం గమనించం, ఎందుకంటే రెహమాన్ మ్యూజిక్ వస్తూ ఉంటుంది.

కంచరపాలెం_కుర్రోడు

ఇప్పుడు అర్థమైంది సార్. పక్క షాపువాడు మూసుకుంటాడన్నారే, ఆ పక్క షాపువాడు సినిమాలో ఎక్కడా లేడు.

పూర్ణామార్కెట్_బట్టలు

ఆ పక్క షాపువాళ్ళం మేమే బాబూ. మూడు తరాల నుంచి పూర్ణా మార్కెట్ దగ్గర బట్టల కొట్టు మాది, తాతగారు మొదలెట్టారు. ఇలాంటి చర్చల్లో ఎప్పుడూ రాయను గానీ ఈ సినిమా మా ఇంటి సంగతి కాబట్టి ఆగలేకపోయాను.

మా తాత గల్లాపెట్టె సొరుగులో ఎప్పుడూ ఒక అగ్గిపెట్టె ఉండేది, ఆయన చుట్ట బీడీ ఏదీ ముట్టరు. అది బట్టని పరీక్ష చేయడానికి. బట్ట తాను అంచున ఒక పోగు లాగి అంటించేవారు. నూలయితే కాగితంలా భగ్గుమని కాలి, కాగితం కాలిన వాసనే వచ్చి, బూడిద వేలితో ముడితే రాలిపోద్ది. పాలిస్టర్ కలిస్తే అలా కాదు, పోగు ముడుచుకుపోయి కరిగి చివర నల్లటి పూసలా గట్టిపడుద్ది, గోటితో నొక్కినా నలగదు. చిన్నప్పుడు ఆ పూసలు ఏరుకుని ఆడుకునేవాణ్ణి. టెరికాట్ (నూలు, పాలిస్టర్ కలిపిన బట్ట) అని చెప్పి ఏది కలిపి అమ్ముతున్నారో ఆయన అలా పట్టేసేవారు.

సినిమాలో పాలిస్టర్ మామూలు జనం బట్ట అన్నట్టు చూపించారు చూడండి, అది నూటికి నూరు పాళ్ళు నిజం. మా అమ్మ ఇప్పటికీ అంటాది, వైజాగ్ గాలిలో తేమకి నూలు చీర ఉతికితే రెండో రోజుకి కూడా ఆరదు, గంజి పెట్టాలి ఇస్త్రీ చెయ్యాలి, అదే పాలిస్టర్ చీరయితే పొద్దున్న ఆరేస్తే మధ్యాహ్నానికి కట్టుకోవచ్చు, రంగు పోదు, నాలుగేళ్ళు చిరగదు. హార్బర్‌కి పనికెళ్ళే ఆడోళ్ళకి, ఒక్క జత యూనిఫాంతో ఏడాదంతా బడికెళ్ళే పిల్లలకి అదెంత మేలు చేసిందో కౌంటర్ ఇవతల నిలబడి చూసినోణ్ణి నేను. ఎండాకాలం ఒంటికి అతుక్కుపోయి చెమటకి కంపు కొట్టుద్ది, అదీ నిజమే, అయినా కొన్నారు, ఎందుకంటే కొనగలిగారు.

కానీ అదే కౌంటర్ దగ్గరికి పొందూరు నుంచి ఖద్దరు మూట భుజానేసుకుని వచ్చే పెద్దాయన ఒకాయన ఉండేవారు. చేప దవడ ఎముకతో పత్తి దువ్వి సన్న నూలు తీసే ఊరు అది, గాంధీగారే ముచ్చటపడిన బట్ట. నెలకోసారి వచ్చేవాడు, తర్వాత మూడు నెలలకోసారి, తర్వాత దీపావళికి మాత్రం. ఒక ఏడాది రాలేదు. తాత ఆయన కోసం ఉంచిన అరని రెండేళ్ళు ఖాళీగానే వదిలేశారు, మా నాన్న అడిగితే రేపొస్తే ఎక్కడ పెడతాడురా అనేవారు.

గురులో కాంట్రాక్టర్ అనే పేరున్న బొంబాయి బట్టల మార్కెట్ పెద్ద ఒక్కడే ఓడిపోయినట్టు చూపిస్తారు, వాడు కోట్లున్నోడు, వాడు ఓడిపోతే మనకి సంబరమే. నిజంగా ఓడిపోయినోళ్ళు ఎవరో సినిమాకి తెలీదు.

బీచ్‌రోడ్_వాకర్

ఖాళీ అర దగ్గర ఆగిపోయానండీ. ఈ థ్రెడ్ పెట్టినందుకు ఇదొక్కటి చాలు.

సింధియా_మనవడు

సింధియాలో ఉంటాను కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మన ఏరియాకి ఆ పేరు ఎందుకొచ్చిందో కొత్తగా వచ్చినోళ్ళకి తెలీదు. సింధియా స్టీమ్ నావిగేషన్ అనే కంపెనీ పేరు అది, దాని వెనకున్న పెద్దమనిషి వాల్‌చంద్ హీరాచంద్. షోలాపూర్‌లో పుట్టిన గుజరాతీ కుటుంబం వాడు. బ్రిటిషోళ్ళ ఓడల కంపెనీలతో ఢీకొట్టి, 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ చేత ఇక్కడ షిప్‌యార్డుకి శంకుస్థాపన చేయించాడు. ఆ మరుసటేడే, 1942 ఏప్రిల్ 6న, మన ఊరి మీద జపాన్ బాంబులు పడ్డాయి. అయినా నిలబడింది. 1948 మార్చి 14న జల ఉష ఓడని నెహ్రూగారు వచ్చి నీళ్ళలోకి దించారు. 1952లో ప్రభుత్వం ఎక్కువ వాటా తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. మా తాత అందులో రివెట్లు కొట్టిన మనిషి.

ఎందుకు చెప్తున్నానంటే, పారిశ్రామికవేత్త సినిమా అనగానే మనోళ్ళు ఒకే మూస పట్టుకుంటారు, పల్లెటూరి కుర్రాడు, కల, శత్రువు, స్టేడియం, చప్పట్లు. గురు ఆ మూసలో తీసినవాటిలో అన్నిటికన్నా బాగా తీసింది, కాదనను. కానీ ఫ్యాక్టరీ లోపల పని ఎలా ఉంటాదో ఒక్క సీనైనా ఉందా? నూలు ఎవరు వడికారు, మెషీన్ దగ్గర రాత్రి షిఫ్టు ఎవరు చేశారు, ఒక్క కార్మికుడి పేరు గుర్తుందా మీకు? రెండున్నర గంటల పైన ఉన్న సినిమాలో షేర్‌హోల్డర్లు వేలమంది కనపడతారు, కార్మికులు గోడకేసిన బొమ్మల్లాగ వెనక కనపడతారు.

ఉక్కునగరం_రిటైర్డ్

సింధియా బాబు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. ముప్పై రెండేళ్ళు స్టీల్ ప్లాంటులో చేసి దిగాను నేను. అయితే గురు కోపాన్ని తీసిపారేయకండి. ఆ ప్లాంటు కోసం జరిగిన 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి, 1971 జనవరిలో ఇందిరమ్మ శంకుస్థాపన చేశారు, ప్లాంటుని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. మధ్యలో ఎన్నేళ్ళో లెక్కేసుకోండి. భూములిచ్చినోళ్ళ పిల్లలకి పెళ్ళిళ్ళయి వాళ్ళకి పిల్లలు పుట్టారు. ఢిల్లీలో ఫైలు కదలకపోతే ఊరు ఎలా ఎదురు చూస్తుందో మాకు తెలుసు, కాబట్టి విచారణలో గురు ఆ గుమ్మాల దగ్గర నిలబడిన అవమానం చెప్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. అది నటన అనిపించలేదు.

నాకు నచ్చనిది గాంధీగారి పోలిక. ఆయనా చట్టాన్ని దాటాడు, ఆయన్ని బాపూ అంటున్నాం అన్నట్టు మాట్లాడతాడు గురు. ఉప్పు చట్టం దాటినాయన దాటానని చెప్పి జైలుకెళ్ళాడండీ. శిక్ష ఇవ్వండి అని అడిగాడు. దాచిపెట్టి దాటి, దొరికాక ఆ పేరెత్తడం తప్పు. అక్కడ రోషన్ సేఠ్ లాంటి నటుణ్ణి జడ్జి కుర్చీలో కూర్చోబెట్టుకుని ఒక్క ఎదురు ప్రశ్న అడిగించలేదు. అడిగించి ఉంటే సీను ఇంకో ఎత్తుకి వెళ్ళేది.

గాజువాక_70ఎంఎం

సార్ గాంధీ పోలిక గురించి మీరు చెప్పాక నాకూ నోట మాట రావట్లేదు. కానీ ఒక మాట, అది గురు మాట, మణిరత్నం మాట కాదేమో? క్యారెక్టర్ అలా అనుకుంటాడు, దాన్ని డైరెక్టర్ చూపించాడు అంతే.

లాసన్స్‌బే_లెక్కలు

అలా అనుకోవాలంటే ఎదుటివాడికి కూడా అంతే బలమైన మాట ఇవ్వాలి తమ్ముడూ. మాధవన్ చేసిన శ్యామ్ పాత్ర చూడు, సాక్ష్యాలు తవ్వి తెచ్చిన విలేకరి, చివరికి అతని దగ్గర మాటే మిగల్లేదు. గురుకి ధీరూభాయ్ అంబానీ పోలికలున్నాయని అందరికీ తెలుసు, సినిమావాళ్ళు జీవితకథ అని చెప్పకపోయినా. చోర్వాడ్‌లో బడిపంతులు కొడుకు, ఏడెన్‌లో ఉద్యోగం, బొంబాయిలో నూలు వ్యాపారం, 1977లో జనం దగ్గరికి షేర్లు, 1986లో పక్షవాతంతో కుడిచెయ్యి దెబ్బతినడం, అదే ఏడాది ఒక ఇంగ్లీషు దినపత్రికలో వరుస కథనాలు. ధీరూభాయ్ అంబానీ 2002లో పోయారు, ఐదేళ్ళు తిరక్కుండా ఈ సినిమా. అంత దగ్గర్లో నిలబడి తీస్తే ప్రేమే ఎక్కువ కనపడింది.

సీతమ్మధార_టీచరమ్మ

మీరంతా గురు గురించే రాస్తున్నారు, అతని భార్య సుజాత గురించి ఒక్కరూ రాయలేదు. నాకు ఈ సినిమా అంటేనే సుజాత. కట్నం డబ్బు పెట్టుబడి కోసం నన్ను చేసుకున్నాడని తెలిశాక పుట్టింటికి వెళ్ళిపోతుంది, అక్కడ ఏడుపుల సీను పెట్టకుండా ఎంత కుదురుగా తీశారో. తర్వాత కంపెనీలో సగం మనిషి అవుతుంది. పక్షవాతం వచ్చి అతను మాట్లాడలేకపోతే విచారణలో లేచి తను మాట్లాడుతుంది, ఐశ్వర్యారాయ్ అందం మర్చిపోయి చూశాను నేను ఆ సీను. మన సినిమాల్లో వ్యాపారం చేసే మొగుడికి పెళ్ళాం అంటే హారతి పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడేది, ఇక్కడ లెక్కల్లోనూ తప్పుల్లోనూ వాటా ఉంది ఆమెకి.

విద్యాబాలన్ మీనూ పాత్ర మాత్రం నాకు అన్యాయంగా అనిపించింది. జబ్బు, చక్రాల కుర్చీ, పెళ్ళి, చావు. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న అమ్మాయి ఏమనుకుంటుందో కాకుండా ఆమె చుట్టూ ఇద్దరు మగాళ్ళు, గురు, శ్యామ్, ఎంత మంచివాళ్ళో చూపించడానికే ఆ పాత్ర వాడుకున్నారు.

మర్రిపాలెం_మౌనం

నేను ఈ సినిమా ఆఖరి వరకూ చూడలేను. ఎందుకో రాస్తాను.

మా నాన్న ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఫైనాన్స్ కంపెనీ వాళ్ళు ఊళ్ళో కళ్యాణమండపంలో మీటింగ్ పెట్టారు, పేరు రాయను. నాన్న నన్ను కూడా తీసుకెళ్ళారు. తెల్లబట్టలు వేసుకున్నాయన స్టేజి మీద నిలబడి నేనూ మీలాగే మాస్టారి కొడుకునే, ఇది నా కంపెనీ కాదు మీ కంపెనీ అన్నాడు. హాలంతా చప్పట్లు. నాన్న లేచి నిలబడి కొట్టారు, పక్కన నేనూ కొట్టాను. అక్క పెళ్ళికి దాచింది మొత్తం అందులో పెట్టారు. రెండేళ్ళు వడ్డీ వచ్చింది, తర్వాత ఆఫీసుకి తాళం. నాన్న రోజూ స్కూలయ్యాక సైకిలు మీద వెళ్ళి ఆ తాళం చూసి వచ్చేవారు. ఇంటికొచ్చి ఏమీ అనేవారు కాదు, కాళ్ళు కడుక్కుని ట్యూషన్ పిల్లలకి లెక్కలు చెప్పేవారు. ఆ బాండు కాగితాలు ఇప్పటికీ ఇంట్లో బీరువాలో పట్టుచీర మడతలో ఉన్నాయి, అమ్మ పారెయ్యనివ్వదు.

గురు స్టేడియంలో షేర్‌హోల్డర్ల ముందు నిలబడినప్పుడు నాకు గురు కనపడడు, కింద చప్పట్లు కొట్టేవాళ్ళలో మా నాన్న కనపడతారు. ఆ కథలో వాళ్ళకి లాభమొచ్చింది కాబట్టి సరిపోయింది. రాకపోయుంటే ఆ స్పీచ్‌లో ఒక్క అక్షరం మారేదా? మారదు కదా. అదే నన్ను భయపెట్టేది. మాట ఒకటే, స్టేజి ఒకటే, తేడా ఎక్కడుందో చప్పట్లు కొట్టేవాళ్ళకి తెలిసే దారి లేదు. దాన్ని పట్టుకుని ఉంటే ఇది నా దృష్టిలో మన దేశంలో వచ్చిన గొప్ప సినిమాల్లో ఒకటయ్యేది.

ఉక్కునగరం_రిటైర్డ్

అమ్మా, మీ నాన్నగారు ఎలా ఉన్నారు?

మర్రిపాలెం_మౌనం

బాగున్నారండీ, 74 ఏళ్ళు. ఇప్పటికీ నలుగురు పిల్లలకి చెప్తున్నారు. అక్క పెళ్ళి కూడా అయింది, ట్యూషన్ డబ్బులతోనే చేశారు.

గాజువాక_70ఎంఎం

పొద్దున్న నుంచి ఇది చదువుతూనే ఉన్నాను, రెండుసార్లు రిప్లై టైప్ చేసి చెరిపేశాను. నటన, కెమెరా, సంగీతం గురించి నేను రాసినవాటిలో ఒక్కటీ వెనక్కి తీసుకోను. కానీ మాణిక్ దాస్ పాత్ర మీద నా అభిప్రాయం మారింది. ఆయనకీ గురుకీ మధ్య ప్రేమ చూపించి ఆ గొడవని ఇంటి గొడవలా చేసేశారు. మీ నాన్నగారి లాంటి వాళ్ళ కోసం ఆ పేపరు రాస్తోందని ఒక్క సీనులో చూపించి ఉంటే మిథున్ ఆ సీన్ని ఏం చేసేవాడో ఊహించుకుంటుంటేనే గుండె బరువెక్కుతోంది. మౌనం గారూ మిగతాది కూడా చూడండి ఎప్పుడైనా, సుజాత విచారణలో మాట్లాడేది ఆఖరి స్టేడియం సీనుకి ముందే వస్తుంది, అక్కడ ఆపేసెయ్యండి.

బీచ్‌రోడ్_వాకర్

ఎల్లుండి జీతాల రోజు. మా యూనిట్‌లో ఒకతను ఓవర్‌టైమ్ లెక్క తేలలేదని మూడు వారాల నుంచి అడుగుతున్నాడు, చూద్దాంలే అంటూ వచ్చాను. సింధియా బ్రదర్ రాసింది చదివాక ఇందాకే ఫోన్ చేసి రేపు పొద్దున్నే కూర్చుందాం అని చెప్పాను.

పూర్ణా మార్కెట్ గారూ, మీ తాతగారి అగ్గిపెట్టె ఇంకా ఉందా?

పూర్ణామార్కెట్_బట్టలు

సొరుగు అదే, పెట్టె మారుతూ ఉంటాది. ఇప్పుడు నేను కూడా పోగు లాగి అంటిస్తాను, ముఖ్యంగా పొందూరు ఖద్దరని చెప్పి ఎవరైనా తెస్తే. ఆదివారం ఒంటిగంటకి కొట్టు కట్టేస్తాం, ఆలోపు ఎవరైనా రండి చూపిస్తాను. మాస్టారి గారికి నాలుగు గజాల అసలుసిసలు నూలు తీసి పక్కన పెట్టాను అమ్మా, మీరు ఎప్పుడొచ్చినా ఉంటాది.